సంబంధం గడిలో రాసిన మాట

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను చర్చివారి బాలికల హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. అప్పటికి ఆ చర్చివారి బడిలోనే పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నేను దేవుణ్ణి నమ్మను. ఆ సంగతి పాస్టరుగారికి ముందే చెప్పాను. హాస్టల్‌కు మేనేజరు ఆయనే. వార్డెన్ ఆయన కింద పనిచేయాలి. ప్రార్థన తాను చూసుకుంటానని, పిల్లల్ని నన్ను చూసుకోమని అన్నారు.

వార్డెన్ పని బయటివాళ్లు అనుకునేంత చిన్నది కాదు. పొద్దునా రాత్రీ హాజరు, వంటగదికి సరుకు కొలిచి ఇవ్వడం, జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవడం. నెలకో ఆదివారం తల్లిదండ్రులు వస్తారు. ఆ రోజు వరండాలో బల్ల మీద సందర్శకుల రిజిస్టరు పెడతాం. వచ్చినవారు పేరు, ఊరు, పిల్లతో సంబంధం రాసి సంతకం చేయాలి. ఎవరో తెలియని మనిషికి ఆడపిల్లను చూపించకూడదని ఆ నియమం.

హాస్టల్‌లో ఆదివారం సాయంత్రం సాక్ష్యాల కూటం జరిగేది. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. నేను వెనక కుర్చీలో కూర్చుని వినేదాన్ని. మొదట్లో జ్వరం తగ్గిందనో, లెక్కల పరీక్ష గట్టెక్కిందనో చెప్పేవారు. దసరా సెలవుల తర్వాత బయటినుంచి ఒక బోధకుడు వచ్చి మూడు రోజులు కూటాలు పెట్టాడు. దేవుడి బిడ్డ లేమిలో ఉండదు, దీవెన ఉంటే ఇంట్లో కనబడుతుంది అన్నది ఆయన బోధ. ఫ్యాక్టరీ జీతం ఆగిపోయి, చెరకు ఎవరికి అమ్మాలో తెలియక సగం ఊరు కూలిన ఏడాది అది. ఆ లెక్కన దేవుడు బోధన్‌ను వదిలేసి పోయి ఉండాలి. ఈ మాట నేను పాస్టరుగారితో కూడా అన్నాను.

ఆ తర్వాత సాక్ష్యాలు మారిపోయాయి. అన్నకు బండి వచ్చిందని ఒకతి, మేనమామ ఫోన్ కొనిచ్చాడని ఇంకొకతి. ఇంటికి ఏ వస్తువూ రాని పిల్ల లేచేది కాదు. లేవని పిల్ల వైపు మిగతావాళ్లు చూసేవారు.

రూతు పదో తరగతి. నాలుగు వారాలు లేవలేదు. అయిదో వారం లేచి, తన తండ్రి కారు కొన్నాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆ పిల్ల ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు.

ఆమె తండ్రి ఫ్యాక్టరీలో పాన్‌మన్‌గా చేసినవాడు. ఉడుకుతున్న రసంలో చక్కెర గింజ ఎప్పుడు కడుతుందో కంటితో, వేలితో పసిగట్టే పనివాణ్ణి పాన్‌మన్ అంటారు. ఫ్యాక్టరీలో అతనికి గౌరవం ఉండేది. మూతపడ్డాక నిజామాబాద్ పసుపు యార్డులో బస్తాలు మోస్తున్నాడు. తల్లిదండ్రుల ఆదివారం అతను హాస్టల్‌కు రావడం అదే మొదటిసారి, నేరుగా పని మీంచి వచ్చినట్టున్నాడు. చొక్కా, మెడ, కనుబొమ్మలు కూడా పసుపు. రిజిస్టరులో పేరు రాసి, సంబంధం గడిలో 'తండ్రి' అని రాశాడు.

వరండాలో స్టెల్లా అనే పిల్ల మోచేత్తో రూతును పొడిచింది.

"ఎవరే, గీ పసుపు కొమ్ము?"

"మా ఇంట్ల పనిచేసేటాయన," అంది రూతు.

అతను విన్నాడు. చేతి సంచి ఆమెకు అందించాడు.

"మీ బాపుకు తీరలేదట బిడ్డా. గివి ఇచ్చి రమ్మన్నడు."

"కారుల రాలేదా మరి?" అంది స్టెల్లా.

"కారు షెడ్డుల ఉన్నది తల్లీ. గందుకే నన్ను బస్సుల పంపిండు."

పోయేముందు నా గదికి వచ్చాడు.

"మేడం, రిజిస్టర్ల తండ్రి అని రాసిన. గా మాట కొట్టేసి జీతగాడు అని రాయుండ్రి. ఆడపిల్లలు సూస్తరు."

రిజిస్టరులో అబద్ధం రాయనన్నాను. పనిచేసి బతికే తండ్రి దాక్కోవలసిన అవసరం లేదని కూడా చెప్పాను. అతను చెప్పులు చేత పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ తొడుక్కున్నాడు.

సాయంత్రానికి పిల్లలు రిజిస్టరు చదివారు. భోజనాల దగ్గర రూతు కూర్చుంటే, "జర జరుగుండ్రే, కారు రావాలె" అని దారి ఇచ్చారు. పాస్టరుగారు ఆమెను ఒంటరిగా పిలిచి మాట్లాడమని నాకు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. నేను పెరిగింది సంఘ సంస్కరణ సభల్లో. తప్పు బయటపడితే నలుగురిలో ఒప్పుకోవడమే మాకు తెలిసిన మందు. దీవెన బోధను పిల్లల ముందే చీల్చి చెప్పడానికి మంచి అవకాశం దొరికిందని కూడా అనుకున్నాను. ఇప్పుడు దాచడమెందుకు, ఆ ఆలోచన నాకుంది.

మరుసటి ఆదివారం కూటంలో మొదటిసారి నేను మాట్లాడాను. సాక్ష్యమంటే రుజువుకు నిలిచేది కావాలన్నాను. వస్తువు మనిషి విలువను చెప్పలేదన్నాను. మంచి ఉపన్యాసమే. చివర రూతును లేపాను.

"గాయన మా బాపు," అంది నేల చూస్తూ. "ఫ్యాక్టరీల పాన్‌మన్ ఉండె. ఇప్పుడు బస్తాలు మోస్తడు. కారు లేదు. నా దగ్గర ఏం లేదు. గందుకే నాకు సాక్ష్యం లేదు" అని కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆమె పక్కకు జరగలేదు కూడా. బుధవారం తండ్రి వచ్చి టీసీ అడిగాడు. పిల్ల అన్నం ముడుతలేదని, ఇక ఉండనంటోందని చెప్పాడు. పబ్లిక్ పరీక్షలు నాలుగు నెలల దూరంలో ఉన్నాయి.

నేను కూటం నియమం మార్పించాను. ఇకమీదట సాక్ష్యంలో కొన్న వస్తువు పేరు రాకూడదు. పాస్టరుగారు ఒప్పుకున్నారు. మూడు వారాలు ఒక్కరూ లేవలేదు. వస్తువు తీసేస్తే తమ గురించి చెప్పుకోవడానికి ఆ పిల్లలకు మాట దొరకలేదు. నాలుగో వారం స్టెల్లా లేచి, "నేను రూతును సూసి నవ్విన. గా పాపం నాదే" అంది. అప్పట్నుంచి మెల్లగా మాటలు వచ్చాయి. ఒకతి తనకు పాట కట్టడం వచ్చని చెప్పింది. ఇంకొకతి తనకు కోపం ఎక్కువంది. రిజిస్టరును వరండాలోంచి తీసి నా గదిలో పెట్టాను.

రూతును వెనక్కి తేవడానికి యార్డుకు రెండుసార్లు వెళ్లాను. ఆమె బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి కుదిరిందని తండ్రి చెప్పాడు. ప్రైవేటుగానైనా పరీక్ష రాయించమని అడిగాను.

"రానంటది మేడం. బడి పేరెత్తితే లేసి పోతది."

తప్పు నాదని చెప్పాను. అతను తలకు చుట్టిన తువ్వాల విప్పి దులిపాడు.

"మీరు నిజమే ఉంచిన్రు. నేను అబద్ధమడిగిన. గని నాకు తండ్రి అనే పేరెందుకు మేడం, గా ఒక్క పూట? పిల్ల సదువుకుంటే సాలు."

బస్తా అందుకోమని పిలుపు వస్తే వెళ్లిపోయాడు. రూతు పరీక్ష రాయలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు వార్డెన్‌గా ఉన్నాను. నేను నేర్చుకున్నది ఇది. నీకున్న వస్తువులు నువ్వు కావు అని పదిహేనేళ్ల పిల్లకు చెప్పేముందు, ఉత్త చేతులతో వచ్చినా పక్కన చోటిచ్చే నలుగురిని ఆ గదిలో తయారుచేయాలి. అది వార్డెన్ పని. నేను దాన్ని ఆ పిల్ల వెళ్లిపోయాక చేశాను.