పచ్చ స్టాంపు వెనక వైపు

అలెగ్జాండ్రియాలో, మా అత్తారీన్ సందులో రుష్దీది కళ్లజోళ్ల దుకాణం. గోడకి ఇవతల నాది పుస్తకాలు కుట్టి అట్టలు వేసే కొట్టు. ఆ గోడ ఎంత పల్చనిదంటే, అతను టీలో చక్కెర కలుపుకుంటుంటే చెంచా చప్పుడు నాకు వినపడేది. అట్ట వెయ్యడానికి వచ్చిన పుస్తకాన్ని చదవకుండా తిరిగివ్వలేని జబ్బు నాది. కళ్లజోడు కోసం వచ్చిన మనిషిని ఇంటి సంగతులన్నీ చెప్పించకుండా పంపలేని జబ్బు అతనిది. నేను పెద్దగా మాట్లాడక్కర్లేకుండానే మా స్నేహం కుదిరిపోయింది.

రుష్దీకి స్టాంపులంటే ప్రాణం. శుక్రవారం పొద్దున కాఫీ హోటలు ముందు స్టాంపులవాళ్లు బల్లలు వేసుకునేవారు. అన్నిటిలోకీ రుష్దీ బల్లే చిన్నది, జనం మాత్రం అక్కడే. ఎవరైనా ఒక స్టాంపు మీద మనసుపడితే దాన్ని పట్టకారుతో తీసి వాళ్ల ముందు పెట్టేవాడు. భూతద్దం, నల్లపళ్లెం, బెంజీన్ సీసా కూడా ముందుకి జరిపేవాడు. స్టాంపుని ఆ పళ్లెంలో బోర్లా వేసి రెండు చుక్కలు బెంజీన్ వేస్తే, కాగితం ఎక్కడ పలచబడిందో, ఎక్కడ అతుకుపడిందో నల్లగా బయటపడుతుంది.

"నీ కన్నే నీ తక్కెడ" అనేవాడు.

మా బజారులో పుచ్చకాయలమ్మేవాడూ, పాత కుర్చీలమ్మేవాడూ, అందరూ అనేదే ఆ మాట. చూసుకుని కొనుక్కో, ఇంటికెళ్లాక నన్ననకు అని దానర్థం. అయితే ఆ మాట అన్నాక రుష్దీ ఒక పని చేసేవాడు. కుర్చీ పక్కకి తిప్పుకుని, టీ గ్లాసు పట్టుకుని, ట్రాము వచ్చే వైపు చూస్తూ కూర్చునేవాడు. కొనేవాడు మొహమాటపడకుండా అటూ ఇటూ తిప్పి చూసుకోవాలని. అమ్మేవాడు కళ్లలోకి చూస్తుంటే ఎంత గట్టివాడైనా సరిగ్గా చూసుకోలేడు కదా.

తరవాత్తరవాత ఆ బల్లలు ఒక్కటొక్కటే తగ్గాయి. కొనేవాళ్లకి మోకాళ్ల నొప్పులొచ్చాయి, కొత్తవాళ్లు ఫోన్లలోకి పోయారు. అక్కడ స్టాంపులవాళ్ల గుంపొకటి ఉండేది. ఫొటో పెట్టి ధర రాస్తే ఏ ఊరివాళ్లయినా కొనుక్కోవచ్చు. రుష్దీ వేళ్లకి ఫోన్ లొంగలేదు. ఆ పని అతని భార్య సనియ్య చేసేది.

ఒకరోజు తన సొంత ఆల్బమ్ లోంచి రాజుల కాలం నాటి పచ్చ స్టాంపొకటి తీశాడు. చూస్తే అప్పుడే తయారైనట్టుండేది. కాని వయసులో ఉన్నప్పుడు దాన్ని ఆల్బమ్ పేజీ నుంచి తొందరపడి లాగితే, వెనక కాగితం పొర లేచొచ్చేసింది. ఎవరో పనివాడు గుజ్జు నింపి, పైన కొత్త జిగురు పూసి నున్నగా చేసిచ్చాడు. కంటికి ఆనదు. పళ్లెంలో మాత్రం దాగదు.

సనియ్య ముందువైపు ఫొటో తీసింది. "వెనక కూడా తియ్యనా?" అంది.

"ఎందుకే? పెళ్లికూతుర్ని వీపు చూసి చేసుకుంటారా?"

"ముందు వైపే చూసి చేసుకున్నావు. ఏమైందో తెలిసిందిగా!"

అతను నవ్వేసి, "కింద రాయి, నీ కన్నే నీ తక్కెడ అని" అన్నాడు.

తంతా ఊళ్లో మందుల షాపు నడిపే ఇగ్లాల్ అనే ఆవిడ ఆ సాయంత్రమే కొనేసింది. ఏమీ అడగలేదు. స్టాంపు అందిన రోజున ఆవిడ పంపిన మాటని సనియ్య మా ఇద్దరికీ వినిపించింది. "మీ చేతులు చల్లగుండ, రుష్దీ గారూ! మా నాన్న వెతికి వెతికి వదిలేసిన స్టాంపిది." ఊరుకోకుండా గుంపులో అందరికీ కనపడేలా రాసింది కూడా, ఇలాంటి నమ్మకస్తుడు ఈ రోజుల్లో దొరకడని.

రుష్దీ ముందున్న బీన్స్ గిన్నెలో రొట్టెముక్క అలాగే నానిపోయింది.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. ఒకాయనకి కుడికంటి అద్దం ఎడమకి బిగించి పంపాడు. గుంపులో ఎవరైనా పొగిడితే మెడ రుద్దుకునేవాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోవడమంటే అదే. పని మధ్యలో గోడవతల నుంచే వాదించేవాడు.

"హిల్మీ, ఆవిడకి భూతద్దం లేదంటావా?"

"ఉండే ఉంటుంది."

"నచ్చకపోతే వారంలో వెనక్కి పంపొచ్చని గుంపు నియమం ఉందిగా?"

"ఉంది."

"వెనక ఎలా ఉందని ఒక్కమాట అడగలేదుగా?"

"అడగలేదు."

"మరింకేం?" అనేవాడు. కాసేపాగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

నేను ఒప్పుకున్నకొద్దీ అతని గొంతు నీరసపడుతోందని తెలిసేది. ఒక మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన సనియ్య ఈ వాదన వింది. వాకిట్లోనే నిలబడి అడిగింది.

"ఏమయ్యా, బజారులో ఆ మాట అనే ముందు పళ్లెం జరిపేవాడివా, లేదా?"

"జరిపేవాణ్ణి."

"మరి ఫోన్లో ఏం జరిపావు? తక్కెడ నీ చంకలో పెట్టుకుని, ఆవిణ్ణి తూచుకోమన్నావు. బజారులో ఆవిడ కన్నుకి పని చెప్పేవాడివి. ఇక్కడ ఆవిడకున్నది నీ కన్నొక్కటే."

క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. రుష్దీ మూత తియ్యలేదు. కాసేపటికి గోడవతల నుంచి, "హిల్మీ, తంతాకి రైలెప్పుడు?" అన్నాడు.

కవరులో డబ్బు పెట్టుకుని బయల్దేరాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు. "అక్కయ్యా, నా కళ్లు మసకేసి..." అని మొదలుపెట్టి, "ఛ, కళ్లజోళ్లవాడు చెప్పాల్సిన అబద్ధమేనా ఇది!" అని తనే నాలిక కరుచుకున్నాడు.

ఇగ్లాల్ యాభై దాటిన మనిషి, తెల్లకోటు, గట్టి గొంతు. పేరు చెప్పగానే ఆవిడ ముఖం వెలగలేదు, వాడింది. అది నేను చూశాను. రుష్దీ తల దించుకుని ఉన్నాడు, చూడలేదు.

"మదామ్, ఆ పచ్చ స్టాంపు వెనక అతుకుంది. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఇదిగో మీ డబ్బు, అది నాకిచ్చెయ్యండి."

ఆవిడ జలుబు మందు కోసం నిలబడ్డ ముసలాయన్ని పంపేసి, తలుపు దగ్గరగా వేసింది.

"కూర్చోండి. అది నా దగ్గర లేదు."

"పోయిందా?"

"పోలేదు, అమ్మేశాను." ఆవిడ గల్లాపెట్టె మీది దుమ్ము వేలితో తుడిచింది. "అందిన రాత్రే మిమ్మల్ని పొగిడేశాను. తెల్లారి బెంజీన్ వేస్తే వెనక ఆలివ్ గింజంత మచ్చ. మండిపోయింది. వెనక్కి పంపుదామని కవరు మీద మీ అడ్రసు కూడా రాశాను."

"మరి పంపలేదేం?"

"పంపితే ఏమడిగేవాళ్లు? చూసుకోకుండా నమ్మకస్తుడని ఎందుకు రాశావమ్మా అని నలుగురూ నవ్వరూ? అడక్కుండా కొన్నది నేనేగా. అందుకని మీ ఫొటోనే మళ్లీ పెట్టాను. కింద మీ మాటే రాశాను. పైగా, రుష్దీ గారి దగ్గర్నుంచి వచ్చింది అని కూడా రాశాను. ఇస్మాయిలియాలో ఒకాయన గంటలో తీసుకున్నాడు."

"నా పేరు రాశారా?"

"రాయబట్టే కదా అమ్ముడైంది!"

బయట శనగలమ్మేవాడి కేక. తంతా వచ్చినవాడెవడూ శనగలు కొనకుండా ఇంటికి పోడు. ఆ రోజు మేం పోయాం.

మేం బయల్దేరే ముందు ఆవిడే ఫోన్ తీసి ఇస్మాయిలియాకి కలిపింది. ఆయన పేరు ఫిక్రీ, సముద్రాల్ని కలిపే కాలువలో ఓడలు నడిపించి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. రుష్దీ ఫోన్ అందుకుని తన పేరు చెప్పగానే అటువైపు నుంచి ఒకటే సంబరం.

"ఎవరూ, అత్తారీన్ రుష్దీ గారా! నేనే పలకరిద్దామనుకుంటున్నా. నా దగ్గరా పళ్లెం ఉందయ్యా. మీ పేరు చూశాక అది తియ్యబుద్ధి కాలేదు. తీస్తే మిమ్మల్ని అవమానించినట్టని."

రుష్దీ ఇగ్లాల్ వైపు చూశాడు. ఆవిడ సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడింది.

"ఫిక్రీ గారూ," అన్నాడు చివరికి, "పళ్లెం తియ్యండి. నేను లైన్లోనే ఉంటాను."

"ఏమిటి, పరీక్షా?"

"తియ్యండి."

అటు సొరుగు లాగిన చప్పుడు, సీసా మూత చప్పుడు. రుష్దీ కళ్లు మూసుకుని వింటున్నాడు. చాలాసేపటికి ఆ పెద్దాయన "ఆఁ" అన్నాడు. కోపం లేదు అందులో. అది ఉన్నా బాగుండేదని రుష్దీ నాతో చాలాసార్లు అన్నాడు.

డబ్బు ఎవరు ఎంత తిరిగివ్వాలో ఇగ్లాల్, రుష్దీ కలిసి తేల్చుకున్నారు. అందులో ఏ గొడవా లేదు. స్టాంపు వెనక్కొచ్చింది. సనియ్య దాన్ని పళ్లెంలో వేసి, మచ్చ కనపడేలా ఫొటో తీసి గుంపులో పెట్టింది. ఇది తెలిసే దాచి అమ్మానని, ఇగ్లాల్ గారికి, ఫిక్రీ గారికి క్షమాపణలని రుష్దీ చెప్తుంటే రాసింది. ఇగ్లాల్ కింద తన వంతు తనూ రాసింది.

ఇక తన దగ్గర ఎవరూ కొనరని రుష్దీ అనుకున్నాడు. అలా అయితే కాస్త తేలికపడేవాడేమో. కాని మా వాళ్ల సంగతి తెలిసిందేగా. "తప్పు ఒప్పుకున్నవాడికన్నా నికార్సైనవాడెవడు!" అని ముందుకన్నా ఎక్కువమంది ఎగబడ్డారు. వెనక ఎలా ఉందని అడిగేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అప్పట్నుంచి పోయేదాకా రుష్దీ ఒక పట్టు పట్టాడు. ప్రతి స్టాంపుకీ వెనక వైపు ఫొటోనే ముందు పెట్టించేవాడు. కొనేవాడు దాని గురించి ఒక్క ప్రశ్నయినా అడక్కపోతే అమ్మేవాడు కాదు. ఒకసారి సనియ్య ఫోన్ ఎత్తి చూపించింది.

"అసియూత్ నుంచి ఎవరో అబ్బాయి. మీరు చెప్తే చాలు రుష్దీ గారూ, నాకు చూడక్కర్లేదు అంటున్నాడు."

రుష్దీ చేతిలో ఉన్న కళ్లజోడు కింద పెట్టేశాడు.

"అమ్మనని చెప్పు."

"మంచి బేరం పోతుందయ్యా."

"పోనీ. చూడక్కర్లేదన్నవాడికి నేను అమ్మలేను, సనియ్యా. నా వల్ల కాదు."