పరాయి చెవి

సుల్తానాబాద్‌లో ఆ వాడ పిల్లల్లో సగంమందిని భూమ్మీద పడగానే అందుకున్నవి కొమురవ్వ చేతులే. మంత్రసానితనం ఆమెకు అత్త దగ్గర్నుంచి వచ్చింది. చెవుడు మాత్రం ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. నడివయసులో ఒక వానాకాలం జ్వరం తగిలి, పోతూ పోతూ వినికిడిని కూడా వెంట తీసుకుపోయింది.

ఆ సంగతి వాడకు పొక్కకుండా చాలాకాలం కాచింది పక్కింటి యాదవ్వ. ఎవరింట కాన్పయినా ఇద్దరూ కలిసే పోయేవారు. యాదవ్వ ఎప్పుడూ కొమురవ్వకు ఎదురుగా, వెలుగు తన మొహం మీద పడేలా కూర్చుని, ఆమె చూసి అర్థం చేసుకునేలా పెదవులు నింపాదిగా కదిపేది. బిడ్డ కేరుమనగానే కొమురవ్వ భుజం మీద తట్టేది. తట్టితే ప్రాణం ఉన్నట్టు. తట్టకపోతే కొమురవ్వ బిడ్డ నోట్లో వేలు పెట్టి తెమడ తీసేది, అరికాళ్ళు రుద్దేది, చెవి దగ్గర ఇత్తడి తాంబాళం మోగించేది.

"ఒక్క కాన్పుకు ఇద్దరెందుకే?" అని ఎవరైనా అడిగితే యాదవ్వే అందుకునేది. "ఒక్కతే పోతె తొవ్వల కుక్కలు మొరుగుతయి. నన్ను జూస్తె అవే ఉరుకుతయి!"

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు, కాగజ్‌నగర్‌లో కొలువు చేసే కొడుకు సిద్దిరాములు ఒక మిషను తెచ్చాడు. అరచేతిలో పట్టే డబ్బా, దానికొక సన్నటి తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే గట్టి బిరడా. పైఅధికారి కొత్తది తెప్పించుకుని పాతది ఇతనికి ఇచ్చేశాడట.

"గీ చక్రం తిప్పితె సప్పుడు పెరుగుతది. గంతే అవ్వా, ఫికర్ లేదు" అని చేతులతో చూపించి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

కొమురవ్వ డబ్బాను విలువైనవన్నీ దాచుకునే చోటే దోపుకుంది, రొండిన, చీర మడతల్లో. చక్రం చివరిదాకా తిప్పింది. ఇన్నేళ్ళకు చెవిలో లోకం గరగరమంది. అది చీర డబ్బాకు రాసుకునే చప్పుడని ఆమెకు చెప్పేదెవరు? తాను వినని ఇన్నాళ్ళలో లోకమే గరుకుబారిందనుకుంది. అయినా సంతోషమే.

"నువ్వు వంగినప్పుడల్ల నీ డబ్బ కూస్తదే, పిచ్చుకపిల్ల లెక్క" అంది యాదవ్వ, ఎదురుగా నిలబడి.

"నీకు కండ్లమంట. ఇగ నీ తట్టుడు నాకక్కర్లే, పో."

యాదవ్వ నవ్వింది. ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు.

ఆ చలికాలంలో యాదవ్వ బిడ్డ అనసూర్య కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. ఎన్ని గుళ్ళకు ముడుపులు కట్టారో వాడంతటికీ తెలుసు. పొద్దెక్కాక నొప్పులు మొదలయ్యాయి. యాదవ్వ కూతురి తల పట్టుకుని తానే ఏడవసాగింది.

"నువ్విట్ల ఏడ్సుకుంట కూసుంటె పిల్ల గుండె జారుతది. బయటికి నడువు" అంది కొమురవ్వ.

"మరి నీకు..."

"నాకిప్పుడు చెవులున్నయి."

తలుపు మూసింది. మధ్యాహ్నానికి బిడ్డ పడింది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. కొమురవ్వ చకచకా చుట్టు విప్పి, బొడ్డు కోయడానికి వంగింది. చెవిలో సన్నగా, పొడుగ్గా, కుయ్యిమంది.

ఏడుపు! ఎన్నేళ్ళయింది పసిబిడ్డ తొలి ఏడుపు విని. కొమురవ్వ కళ్ళు నిండిపోయాయి. "ఏడ్సింది, ఏడ్సిందే!" అంటూ బిడ్డను మెత్తటి పాతగుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టి, మాయ కోసం తల్లి వైపు తిరిగింది. అనసూర్య ఆమె చీర పట్టుకుని గుంజుతోంది, పెదవులు ఆడిస్తోంది. నొప్పి తాళలేక అనుకుంది కొమురవ్వ. తలెత్తి ఆ పెదవులు చూడలేదు.

తలుపు తోసుకుని యాదవ్వ ఊడిపడింది. బయట నిలబడి ఎంతసేపు అరిచిందో. గుడ్డ విప్పింది. తాంబాళం లాక్కుని గరిటెతో బాదింది, బాదింది. కొమురవ్వ చెవిలో గరగర తప్ప మరేమీ లేదు. బిడ్డ నీలంగా ఉంది. భుజం మీద తట్టు కోసం ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.

మెడకు పేగు పడ్డ బిడ్డ ఎలాగూ దక్కేది కాదని పెద్దవాళ్ళు అన్నారు. కావచ్చు. కాకపోనూవచ్చు.

సిద్దిరాములు వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. "డాక్టర్ను అడిగిననే. బిరడ ఎవ్వల చెవికి వాళ్ళదే అచ్చు తీయాలెనట. పరాయి చెవిది పెడితె వదులై కూత పెడ్తదట. డబ్బను బట్టలల్ల దాసద్దట, పైకి రొమ్ము మీద ఉండాలెనట."

"మల్లొక్కసారి చెప్పు" అంది కొమురవ్వ. మొదటిసారే అర్థమైనా, ఇంకోసారి చెప్పించుకుంది.

తరవాత ఆమెను కాన్పులకు ఎవరూ పిలవలేదు. యాదవ్వ వాడలో ఎవరితోనూ ఆమె గురించి చెడ్డగా అనలేదంటారు. బావి దగ్గర ఒకరికొకరు ఎదురవుతూనే ఉన్నారు. ఒకనాడు యాదవ్వ బిందె దించి, కొమురవ్వ వైపే చూస్తూ ఏదో అంది. తిట్టిందో, పలకరించిందో. అనే ముందు కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.