ఎడమ చక్రం నకిల్

కొత్త విడిభాగాలు దొరకని యుద్ధం రోజుల్లో అబిడ్స్‌లో మా కారు గుంతలో పడి, ఎడమ ముందు చక్రాన్ని స్టీరింగుకు కలిపే నకిల్ వంగిపోయింది. నాంపల్లి కార్ల మేస్త్రీ కొత్తది వేశానన్నాడు. తీసేసిన సామాను యజమాని చేతికివ్వడం అక్కడి ఆనవాయితీ. అందుకని వంగిన నకిలొకటి పాతగుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే ఒళ్లు మండిపోయింది. అది కుడి చక్రానిది! కారు కిందికి దూరి చూశాను. తడి ఆరని నల్లరంగు కింద మా పాత నకిలే, వంపు తీసిన సుత్తి దెబ్బలతో సహా! నా పిల్లలెక్కే కారది. వెంటనే తిరిగెళ్లి ఆ ఇనుప ముక్క వాడి ముందు పడేశాను. వాడు సిగ్గుపడనైనా లేదు.

"గంత కోపమెందుకు సారూ? జర ఆగున్రి. వంగింది ఎడమ దిక్కుదే కావాల్నంటే, పాత సామాన్ల ఎతికి గదే ఇస్త."