గోడకు అటువైపు ఖాలా

తడి సిమెంటు వాసన, నానబెట్టిన ఇటుకల కుప్ప, టేపు, తాపీ, మేస్త్రి యాదయ్య, నా భార్య స్వరూప, నేను. ఇంద్రేశంలో మేము కట్టుకుంటున్న ఇంటి దగ్గర ఆ ఉదయం ఉన్నవీ, ఉన్నవాళ్ళూ ఇంతే. పిల్లల గదికీ మా గదికీ మధ్య గోడ ఎంత మందం ఉండాలో యాదయ్యకు తేల్చి చెప్పాలి. "తొమ్మిదంగుళాలు పెడదాం సార్. పిల్లలు ఎంత లొల్లి జేసినా మీ నిద్ర ఖరాబు గాదు," అంటూ చేతిలోని ఇటుకను తాపీ పిడితో రెండుసార్లు కొట్టి చూశాడు. టక్, టక్. స్వరూప నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తుకు వచ్చింది.

మహమూదా ఖాలా, అంటే మహమూదా పిన్ని, ఒకప్పుడు పటాన్‌చెరులో మేమున్న కిరాయి ఇంటి యజమానురాలు. భర్త పోయాక ఇంటికి నడుమ ఒక సన్నటి గోడ పెట్టించి, ఒక వాటాలో తానుండి, రెండోది కిరాయికి ఇచ్చేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అంతకుముందు మేమున్న ఇంటి యజమాని, మా బాబు బన్నీ ఏడ్చినప్పుడల్లా అవతలి నుంచి గోడ బాది, చివరికి మా చేత ఇల్లు ఖాళీ చేయించాడు. అందుకని ఖాలాకు నేను సామాను దించకముందే చెప్పాను. బాబుకు ఏడాదిన్నర, రాత్రి చాలాసార్లు లేస్తాడు, గట్టిగా ఏడుస్తాడు, తర్వాత అనుకోవద్దు అని. ఆమె బన్నీని ఎగాదిగా చూసి, "పిలగాడు ఏడ్వకుంటె నువ్వేడుస్తవా బాబూ? సామాను దించు," అంది.

అప్పట్లో నేను ఒక రసాయనాల కంపెనీలో మీటర్లు సరిచేసే పని చేసేవాణ్ణి. యంత్రం మొరాయిస్తే ఒక్కొక్క భాగం మార్చి చూసి లోపం పట్టుకోవడమే నా చదువు. బన్నీ నిద్రకూ అదే పద్ధతి పెట్టాను. ఒకరోజు దోమతెర, ఒకరోజు ఫ్యాను వేగం, ఒకరోజు పాలకు బదులు అన్నం. డాక్టరు చూసి, పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నాడన్నారు. ఖాలా కూడా తన వంతు చేసింది. ఆవాలతో దిష్టి తీసింది, వాము నీళ్ళు పట్టించమంది, దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. తాయెత్తును బన్నీ నమలడం మొదలుపెట్టాక తనే విప్పేసింది. పనిచేసింది ఒక్కటే, స్కూటరు. రాత్రి భోజనం అయ్యాక స్వరూప వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేది. హైవే మీద రుద్రారం దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి వాడు నిద్రలో ఉండేవాడు. మెల్లగా తెచ్చి మంచం మీద పడుకోబెట్టేవాళ్ళం. గంట దాటకుండా లేచేవాడు. మళ్ళీ స్కూటరు.

ఒకరోజు కంపెనీలో మీటరు ముందు నిలబడే కునికి, అంకె తప్పు చెప్పాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జి పక్కనే ఉండడంతో ప్రమాదమేమీ జరగలేదు. "నిద్ర ఆపుకోలేనోణ్ణి ప్లాంటు లోపలికి పంపను. ఇంటి సంగతి ఏదో ఒకటి తేల్చుకో," అన్నాడాయన. తేల్చుకున్నాము. స్వరూపనూ బన్నీనీ కొన్నాళ్ళు మెదక్‌లో మా అత్తగారింట్లో ఉంచాలని. ఆదివారం మా మామ వచ్చి తీసుకుపోతానన్నాడు. స్వరూప సంచి సర్దింది కానీ నాతో మాట్లాడడం తగ్గించింది. బన్నీకి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. వాటిని నేను వారానికోసారి వినాలన్నమాట.

ఆ సాయంత్రం ఖాలా మండిపడుతూ ఇంటికి వచ్చింది. సంగారెడ్డిలో చెల్లెలి ఇంటికని బస్సెక్కిందట.

"జెర కన్నంటుకుంది బేటీ. లేసి సూస్తే బయట చెరుకు తోటలు. జహీరాబాద్ దగ్గరకొచ్చిన. గుండె గుభేల్‌మంది. కండక్టర్ అంగి గల్లా పట్టుకున్న, నా సంగారెడ్డి ఏడబెట్టినవ్‌రా అని."

"అతనేమన్నాడు ఖాలా?" అన్నాను.

"అమ్మా, సంగారెడ్డి ఆడనే ఉంది, నువ్వే ఈడికొచ్చినవ్ అన్నడు. బద్మాష్. బస్సంతా నవ్వుడే."

నేనూ నవ్వాను. స్వరూప నవ్వలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. "మనోడు గూడ గంతేనేమో," అంది. "నా ఒళ్ళో, బండి మీద పండుకుంటడు. లేసి సూస్తే బండి లేదు, నేను లేను. మంచం. భయపడడా మరి?"

నేను మార్చి మార్చి చూసినవి వాడి తిండి, లేకపోతే నిద్రపోయాక వాడి చుట్టూ ఉండేవి. నిద్రపోయే చోటును మాత్రం నేను తాకలేదు. ఆ రాత్రి స్కూటరు తియ్యలేదు. ముఖం కడిగి, పాలు పట్టి, మెలకువగా ఉండగానే మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. వాడు తాళంచెవి వైపు వేలు చూపిస్తూ "బండి, బండి" అని ఏడ్చాడు. ఎత్తుకోవాలని స్వరూప, బండి తియ్యాలని నేను. ఇద్దరం ఒకరినొకరు ఆపుకుంటూ ఉండగా గోడ మీద చప్పుడైంది. టక్, టక్.

పాత ఇల్లు కళ్ళ ముందు కదిలింది. తాళంచెవి అందుకుని, ముందు క్షమాపణ చెప్పాలని ఖాలా కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఖాలా, తప్పైంది. బయట తిప్పుకొస్తాను," అన్నాను.

"ఎవడు తిప్పుమన్నడు? నేను గూడ లేసే ఉన్న అని చెప్పిన. పో, పిలగాని కాడ కూసో."

వెళ్ళి కూర్చున్నాను. వాడు ఏడ్చి, వెక్కి, నా వేలు పట్టుకుని, ఎప్పటికో నిద్రపోయాడు. మధ్యలో లేచాడు. మంచం అదే, ఫ్యాను అదే, నా చెయ్యి అక్కడే. మళ్ళీ ఏడ్చాడు కానీ తొందరగా ఆగాడు. నా ఓపిక చచ్చిపోతున్న ప్రతిసారీ అటునుంచి టక్, టక్ అని వినబడేది. మర్నాడూ అంతే. మూడో రోజు నాకు కొత్త అనుమానం వచ్చింది. స్కూటరు అలవాటు పోయి గోడ చప్పుడు అలవాటవుతుందేమో. రేపటి నుంచి వద్దని చెప్పడానికి వెళ్ళాను. ఖాలా పాన్ చుట్టుకుంటూ విన్నది.

"వానికెవరు కొట్టిండ్రు? నేను నీకు కొట్టిన."

ఆ రాత్రీ నేను బన్నీ పక్కన కూర్చున్నాను.

శనివారం తెల్లవారి మాకు మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ. ఇద్దరం భయపడి బన్నీ మీదికి వంగాము. మంచానికి అడ్డంగా, నోరు తెరుచుకుని, హాయిగా ఊపిరి తీస్తున్నాడు. స్వరూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది. బయట ఖాలా వాకిలి ఊడుస్తోంది. "రాత్రి ఊరికి గిట్ల పోయిండ్రా? సప్పుడే లేదు," అంది. నేను నేరుగా ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళి మామకు రావద్దని చెప్పాను. ఇంటికి వచ్చేసరికి స్వరూప సంచిలోని బట్టలు తిరిగి అలమరాలో పెడుతోంది. తర్వాత పళ్ళు వచ్చినప్పుడూ జ్వరం వచ్చినప్పుడూ వాడు మళ్ళీ లేచాడు. కానీ మాకు దారి తెలిసింది, భయం పోయింది.

ఖాలా పోయిన సంవత్సరం చనిపోయింది. బన్నీకి ఆమె ముఖం లీలగా గుర్తుంది, గోడ చప్పుడు గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఇప్పుడు నేను పనిచేసే చోట కొత్తగా చేరిన కుర్రాడు రాత్రి షిఫ్టులో ఒంటరిగా యంత్రంతో కుస్తీ పడుతుంటే, నేను అతని పని అందుకోను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాను, అంతే. మా అమ్మాయి పుట్టాక, రాత్రుళ్ళు స్వరూప పాపతో కూర్చున్నప్పుడు పక్క గదిలోంచి నేను గోడ మీద వేళ్ళతో కొట్టేవాణ్ణి. తనూ తిరిగి కొట్టేది.

"తొమ్మిది వద్దు యాదయ్యా," అంది స్వరూప. "అటు సప్పుడు ఇటు వినబడాలె."

"మరి నిద్ర ఖరాబైతది గదమ్మా?"

"కానియ్," అంది.

మేము ఖాలా ఇంట్లోంచి ఖాళీ చేసి వచ్చిన రోజు నేను ఆ గోడను కొలిచి పెట్టుకున్నాను. ఆ కొలతే యాదయ్యకు చెప్పాను. అతను తల అడ్డంగా ఊపి, టేపు లాగి, నేల మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. వాటి మధ్య నాలుగున్నర అంగుళాలు.