చిన్నాయన పిలుపు అమ్మకానికి లేదు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నేను పనిచేసి మానేసిన మాదాపూర్ ట్రావెల్ ఆఫీసు వాళ్ళు ఇప్పుడు ‘పిలిచే లోయ’ అని ఒక ప్యాకేజీ పెట్టారు. ఎడారిలో గుడారాలు, చలిమంట, బిర్యానీ, ఆపైన ఒక దయ్యం పిలుపు. వాళ్ళు దయ్యమంటున్న మనిషి మా చిన్నాయన కొమురయ్య. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో గొర్రెలు కాసేవాడు. వాళ్ళ బ్రోచర్‌లో ఆయనకు పేరు లేదు, ఊరు లేదు. జరిగింది జరిగినట్టుగా ఒక్కచోటన్నా ఉండాలి.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా బోరబండలో మా కిరాయి ఇంటికి దగ్గరున్న లైబ్రరీలోనే. పోటీ పరీక్షల పిల్లలతో ఫ్యాను కింది కుర్చీ కోసం కొట్లాడి మరీ చదివాను. భూగోళం, గాలులు, ఎడారులు, పాతకాలం బాటసారుల ప్రయాణాలు. ఇసుక దిబ్బలు జారేటప్పుడు ఎందుకు మోగుతాయో, చల్లని గాలిపొర మీద శబ్దం ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. ఆ ఆఫీసులో ఎడారి గురించి నా అంత చదివినవాళ్ళు లేరు.

చిన్నాయనను డ్రైవర్ పని అని చెప్పి ఒక ఏజెంటు ఒక ఎడారి దేశం పంపించాడు. అక్కడ దిగాక గొర్రెలు అప్పగించారు. మొదట్లో ఫోన్ చేసేవాడు. “ఈడ గొర్రెలు గూడ మన మాట ఇంటున్నయ్” అని నవ్వేవాడు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. సేఠ్ మారాడన్నారు, పారిపోయాడన్నారు, మాకు తెలియదన్నారు. మేము తిరగని ఆఫీసు లేదు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఆ దేశం పేరు రాయడం లేదు. మా ఊరివాళ్ళు అక్కడ ఇంకా పని చేస్తున్నారు.

మా కురుమల పనిలో ఒక పద్ధతి ఉంది, అది ఇక్కడ చెప్పాలి. మేత దగ్గర రెండు మందలు కలిసిపోతే కర్రతో విడదీయలేం. ఎవరి మందను వాళ్ళు పిలుచుకోవాలి. అందుకే ఇంటింటికీ ఒక పిలుపు ఉంటుంది. ఒకరిది ఇంకొకరు వాడరు. వాడితే అది దొంగతనం కిందే లెక్క. చిన్నాయన నాలుకను రెండుసార్లు చప్పుడయ్యేలా ఆడించి, గొంతులోంచి ఒక సాగదీసిన కేక తీసి, చివర ఈల వేసేవాడు. చిన్నప్పుడు పొట్టేలు కుమ్మి ఆయన ముందు పన్ను పోయింది. ఆ సందులోంచి గాలి పోయి ఈల చివర రెండుగా చీలేది. ఊళ్ళో పిల్లలం అందరం అలా ఊదాలని చూసి ఉమ్ము మీద పోసుకునేవాళ్ళం.

సాయంత్రం మంద ఊరి దగ్గరికి రాగానే ఆయన పిలిచేవాడు. ఇంటి దగ్గర చిన్నమ్మ నీళ్ళ తొట్టిని కట్టెతో కొట్టేది. దొడ్డి తీసి ఉంది, నీళ్ళు పోసి ఉన్నాయి, రావచ్చు అని దాని అర్థం. ఆ చప్పుడు వినేదాకా ఆయన పిలుస్తూనే ఉండేవాడు.

చిన్నమ్మ పేరు లక్ష్మి. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. కూతురు స్రవంతికి సంబంధం కుదిరింది. అప్పుడు మొదలైంది గొడవ. పెళ్లికార్డులో తండ్రి పేరు ముందు కీర్తిశేషులు అని వేయాలా వద్దా? మా పెద్దనాయన రాజయ్య ఊరి నుంచి వచ్చి కూర్చున్నాడు.

“పన్నెండేండ్లు దాటినంక మనిషి లేనట్టేనే లక్ష్మీ. దర్భతోని బొమ్మ జేసి కాలుద్దాం. దినాలు జేద్దాం. లేకుంటే పిల్ల పెండ్లిల పీటల మీద ఎవలు కూసుంటరు?”

“నువ్వు కూసో బావా. నేనద్దంటినా?”

“మెట్టెలు పెట్టుకొని నువ్వు పక్కన నిలవడితే మగపిల్లగానోళ్ళు ఏమనుకుంటరు?”

“ఏమన్న అనుకోని. ఏడున్నడో తెల్వని మనిషిని నేను చేతులార కాల్చ.”

అందరూ ఆమెనే తప్పు పట్టారు. మనిషిని పోగొట్టిన ఏజెంటును ఎవరూ ఒక్క మాట అనలేదు. అతనిప్పుడు ఊళ్ళో రెండంతస్తుల ఇంట్లో ఉన్నాడు. చివరికి స్రవంతి కోసం చిన్నమ్మ తలొగ్గింది. ఆ తర్వాతి వారం బొమ్మను కాల్చాలని నిర్ణయమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఆ దేశం టూర్ వచ్చింది. కొత్తగా టూరిస్టులకు తలుపులు తెరిచిన దేశం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ అక్కడికి పోతామంది. వాళ్ళకు కావాల్సింది నిశ్శబ్దం. ఏ రోజు ఎక్కడ దిగాలి, ఎక్కడ పడుకోవాలి, ఏం చూడాలి, ఆ పథకమంతా వేసే పని నాది. అక్కడి గైడు సలీం ఒక రాళ్ళ లోయ చూపించాడు. మనుషులెవరూ అడుగుపెట్టని చోటు అని కరపత్రంలో రాయమన్నారు. ఎవరూ అడుగుపెట్టలేదట! అక్కడ మనవాళ్ళు ఎన్నేళ్ళు గొర్రెల వెంట తిరిగారో అడిగినవాడు లేడు.

ప్రకటన వీడియో వెనక పెట్టడానికి లోయ నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పంపమంటే సలీం పంపాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మొదట గాలి. తర్వాత, చాలా దూరం నుంచి, నాలుక రెండుసార్లు ఆడింది. సాగదీసిన కేక. ఈల. ఈల చివర రెండుగా చీలింది.

ఆపి మళ్ళీ పెట్టాను. నేను చదివినవన్నీ వరసగా గుర్తుచేసుకున్నాను. మోగే ఇసుక, రాళ్ళ సందుల్లో గాలి, వినాలనుకున్నదే వినే చెవి. పక్క సీట్లో వీడియో ఎడిటర్ ప్రదీప్‌కు హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా వినమన్నాను. ప్రదీప్‌ది కాకినాడ.

“ఎవరో గొర్రెలు కాసుకుంటున్నారండీ అనితగారూ. పళ్ళు లేని ముసలాయన అనుకుంటా, ఈల జారిపోతోంది. క్లీన్ చేసేయమంటారా?”

వద్దన్నాను. సలీంకు ఫోన్ చేశాను. అతనికి హిందీ వచ్చు. ఆ లోయను టూరిజం కోసం ఎప్పుడో కంచె వేసి మూసేశారని, గొర్రెలను, మనుషులను అంతకుముందే ఖాళీ చేయించారని చెప్పాడు. తను పంపిన శబ్దాన్ని విని, తనకు గాలి తప్ప ఏమీ వినబడలేదన్నాడు.

నాకు భయం వేయలేదు. ఆశ పుట్టింది. ఆయన బతికే ఉన్నాడనుకున్నాను. మా బాస్ కిరణ్ సార్ దగ్గరికి పోయి, అక్కడి పార్టనర్ కంపెనీతో లోయ వెతికించమని అడిగాను.

“అనితా, క్లయింట్‌కి సైలెన్స్ కావాలి. షెపర్డ్ కాదు. ఆ నాయిస్ తీసేయించు.”

“నాయిస్ కాదు సార్. మా చిన్నాయన.”

“లైబ్రరీలో నవలలు తగ్గించు తల్లీ. మనది ట్రావెల్ ఆఫీసు, పోలీస్ స్టేషన్ కాదు.”

క్యాబిన్ బయట ఉన్నవాళ్ళు నవ్వారు. నేను చదివేది నవలలు కావని చెప్పే ఓపిక కూడా లేకుండా పోయింది. బ్యాగు తీసుకుని షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ పోయాను.

చిన్నమ్మ వాళ్ళు టవర్ వెనక జనరేటర్ గది నీడలో కూర్చుని తింటారు. అందరూ తిని లేచిపోయారు. ఆమె ఒక్కతే స్టీలు టిఫిన్ కడుక్కుంటోంది. ఫోన్ స్పీకర్‌లో శబ్దం పెట్టాను, ఏమిటో చెప్పలేదు. ఆమె చేతిలోని గిన్నె అలాగే ఆగిపోయింది. ఏడవలేదు.

“పన్ను సందు” అంది. “ఇంకా పిలుస్తనే ఉన్నడు. ఈడ జవాబిచ్చెటోళ్ళు లేక ఆడనే ఆగిపోయిండు. వీళ్ళేమో బొమ్మను కాల్చుమంటున్రు” అంది. లోయ సంగతి, సలీం సంగతి చెప్పాను. “ఆ పిల్లగానికి ఫోన్ జెయ్యి బిడ్డా. ఆడికి పొమ్మను.”

గుడారాల స్థలం కొలవడానికి సలీం అప్పటికే లోయలో ఉన్నాడు. వీడియో కాల్ ఎత్తాడు. అక్కడ ఎండ మండిపోతోంది. ఫోన్‌ను చుట్టూ తిప్పి చూపించాడు. రాళ్ళు, ఇసుక, తన బండి. మనిషి లేడు, గొర్రె లేదు. అప్పుడే మా స్పీకర్‌లో ఆ పిలుపు వచ్చింది. నేను విన్నాను, చిన్నమ్మ వింది. ఏమైనా వినిపించిందా అని సలీంను అడిగితే లేదన్నాడు.

చిన్నమ్మ టిఫిన్ మూతను ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళో తొట్టిని కొట్టినట్టే, అదే దరువు.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ నర్సింగ్ పరుగెత్తుకొచ్చాడు. “ఏందమ్మా గిది? బోనాలా? పైన మీటింగ్ నడుస్తుంది, నా నౌకరి పోతది!”

చిన్నమ్మ ఆపలేదు. స్పీకర్‌లో పిలుపు మళ్ళీ వచ్చింది, ఈసారి దగ్గరగా. నర్సింగ్‌ది సిద్దిపేట వైపు. ఆ పిలుపు చెవిన పడగానే ఉన్నచోటే ఆగాడు. టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తర్వాత అడిగితే అతనికే తెలియదు.

తెర మీద సలీం ఉన్నట్టుండి పక్కకు జరిగాడు. ఇరుకు దారిలో మంద ఎదురొస్తే మనం ఎలా జరుగుతామో అలా, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, బండికి వీపు ఆనించి నిలబడ్డాడు. తల మెల్లగా ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తిప్పాడు. దాటిపోతున్నదాన్ని చూస్తున్నట్టు. తడిసిన ఉన్ని వాసన వస్తోందన్నాడు. చాలా గొర్రెల వాసన. రాళ్ళ వెనక ఎవరో గిన్నె కొడుతున్నారన్నాడు. మా చప్పుడు అతని ఫోన్‌లోంచి వినిపిస్తుంది కదా అన్నాను. కాదు, ఫోన్ ఇటువైపుంది, చప్పుడు అటు నుంచి వస్తోంది అని చెయ్యి చూపించాడు.

పిలుపు ఇంకొక్కసారి వినబడింది, పక్కనే నిలబడి పిలిచినంత దగ్గరగా. ఈల మధ్యలో ఆగిపోయింది. చిన్నమ్మ గరిటె దించింది.

“వచ్చిండు” అంది.

బతికున్నాడా అని అడగబోయాను. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రం ఆమే రాజయ్య పెద్దనాయనకు ఫోన్ చేసింది. “ఇగ చెయ్యుండ్రి బావా. ఇంటికొచ్చినోనికి చేస్తే దినాలు. బయట తిరిగెటోనికి చేస్తే తరిమేసుడు. గిప్పుడు వచ్చిండు.” మెట్టెలు ఎవరి చేతా తీయించుకోలేదు, తనే తీసుకుంది. అంత సులభంగా ఒప్పుకుందేమిటని చుట్టాలు వెనక గుసగుసలాడారు. వాళ్ళ నోళ్ళకు ఎలా నడిచినా తప్పే.

ఆ తర్వాత సలీం ఎన్నిసార్లు రికార్డు చేసి పంపినా గాలి మాత్రమే ఉంది. మొదటి రికార్డు మాత్రం నా దగ్గర అలాగే ఉంది. ఎవరికి పెట్టినా వినిపిస్తుంది, ఒక్క సలీంకు తప్ప. దాన్ని జతచేసి లోయ వెతికించమని ఇక్కడా అక్కడా అర్జీలు పెట్టాం. జవాబు రాలేదు.

ఆఫీసుకు మాత్రం విషయం చేరింది. జరిగింది ప్రదీప్‌కు నేనే చెప్పాను. చెడ్డవాడు కాదు, టీ దగ్గర నోరు జారాడు. నిశ్శబ్దం కావాలన్న సాఫ్ట్‌వేర్ టీమ్ ఇప్పుడు దయ్యం లోయే కావాలంది. కిరణ్ సార్ నన్ను పిలిచి కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆ ఫైలు ఒరిజినల్ ఇవ్వమన్నాడు. మొన్నటిదాకా నాయిస్ అన్న నోటితోనే, “వాట్ ఎ స్టోరీ, అనితా!” అన్నాడు. ఆఫీసు సిస్టమ్‌లో ఉన్నదాన్ని ప్రదీప్ అప్పటికే చెరిపేశాడు. మిగిలింది నా ఫోన్‌లోనే. ఇవ్వనన్నాను. ఆ రోజే పని మానేశాను.

వాళ్ళు ఆగలేదు. ఒక స్టూడియోలో ఎవరిచేతనో ఆ పిలుపు చేయించారు. ప్యాకేజీ ప్రకటనలో విన్నాను. నాలుక ఆడించడం ఉంది, కేక ఉంది. ఈల చివరిదాకా నున్నగా పోతుంది. నోటినిండా పళ్ళున్న మనిషి వేసిన ఈల. చలిమంట చుట్టూ కూర్చుని దాన్ని వింటూ ఫోటోలు దిగుతారట. ఎవరి పిలుపు వాళ్ళదే అనే మా పద్ధతిలో దీన్ని ఏమంటారో పైన రాశాను.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఎడారుల్లో శబ్దాల గురించి లైబ్రరీలో దొరికినవన్నీ మళ్ళీ చదివాను. ఈల ఎందుకు చీలిందో వాటిలో లేదు. గొర్రెలు కాయడం తెలియని సలీం లాంటి పట్నం కుర్రాడు కనబడని మందకు దారి ఎందుకిచ్చాడో లేదు. నాకు అర్థం కాలేదు, కాలేదనే రాస్తున్నాను.

ఎండలో నిలబడి మాకోసం ఫోన్ పట్టుకున్న సలీంకు, నోరు జారినందుకు తర్వాత ఇంటికొచ్చి తలవంచుకుని కూర్చున్న ప్రదీప్‌కు, పైనుంచి తిట్లు తిని కూడా చిన్నమ్మ పేరు చెప్పని నర్సింగన్నకు కృతజ్ఞతలు. పెళ్లికార్డులో నాన్న పేరు తన చేత్తో రాసి ఇచ్చిన స్రవంతికి, ఇది చదివి తప్పులు దిద్దిన మా లైబ్రరీ యాదగిరి సార్‌కు కూడా. మా లక్ష్మి చిన్నమ్మకు, జవాబిచ్చినందుకు. మా కొమురయ్య చిన్నాయనకు, జవాబు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నందుకు.