లాన్ మీది తెల్లగొడుగులు

కరుణాకర్‌కు మనుషులంటే రోత. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు కట్టి రిటైరయ్యాడు. తార్నాకలోనే కాపురం, పొద్దున్నే క్యాంపస్‌లో నడక. పుట్టింది జనగామ దగ్గర సేద్యగాళ్ల ఇంట్లో. ఏ కాలానికి ఏ పుట్టకొక్కు మొలుస్తుందో చిన్నప్పటి నుంచీ ఎరుకే. తొలకరి ఉరుములకు చెదపుట్టల మీద లేచేవి తినదగ్గవి. శ్రావణంలో గడ్డి మీద పళ్లెమంత వెడల్పున తెల్లవి విప్పారుతాయి. చలికాలంలో ఎండుమొద్దులకు చెక్కలాంటివి అతుక్కుంటాయి. తంటా అంతా నడిమివాటితోనే. గొడుగు కింది రేకులు ముదిరేకొద్దీ ఆకుపచ్చగా మారతాయి. తిన్నవాడి పేగులు నోట్లోకొస్తాయి.

ఆ మాట వాకింగ్ జనానికి ఎన్నిసార్లు చెప్పాడో! చెవిటివాడి ముందు శంఖమే. ఫోన్లో వీడియో చూసి, తెల్లగా కనబడిందల్లా పీకి కవర్లో కుక్కుతారు. అందరూ ఉచ్చపోసే గోడవారవి కూడా వదలరు. ఛీ! పైగా, ఉడికేటప్పుడు వెల్లుల్లి నల్లబడకుంటే మంచివేనట. ఊళ్లో అమ్మ కూడా వెల్లుల్లి వేసేది, కానీ పుట్ట మీదివి తప్ప ముట్టేది కాదు. వీళ్లు వెల్లుల్లిని పట్నం తెచ్చుకున్నారు, పుట్టను ఊళ్లోనే మరిచారు.

మొన్న శ్రావణంలో, వాన వెలిసిన పొద్దున, భార్య భాగ్య తమ్ముడు పరుశురాం లాన్‌లో వంగి కనబడ్డాడు. మల్కాజ్‌గిరి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. కవరు నిండా ఆ తెల్లవే. కరుణాకర్‌కు ఒళ్లు మండింది. నిరుడు వద్దని చెప్తే, "మా బావకు అన్నిట్ల విషమే కనబడ్తది" అని నలుగురిలో నవ్వినవాడు వీడే. మళ్లీ చెప్పి మాట పడాలా? మొహం తిప్పుకుని తన దారిన పోయాడు.

సాయంత్రం ఫోనొచ్చింది. కరుణాకర్, భాగ్య ఆసుపత్రికి పరుగెత్తారు. పరుశురాం బకెట్ మీంచి తల ఎత్తలేకపోతున్నాడు. పక్క మంచం మీద అతని చిన్నకూతురు నవత, చేతికి సెలైన్‌తో, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. వాంతి కంపుకు కరుణాకర్ ముక్కు మూసుకున్నాడు.

"వెల్లుల్లి నల్లగ కాలే బావా," అన్నాడు పరుశురాం, మూతి తుడుచుకుంటూ. "అయినా జర భయమైంది. గని పొద్దుగాల లాన్ల నువ్వు నన్ను చూసుకుంటనే పోతివి గద. బావ ఏమనలే, ఇగ మంచియే అనుకున్న. పొల్లకు గుడ పెట్టిన."

భాగ్య మొగుడి వైపు తిరిగింది. "చూసినవా?"

"చూసిన," అన్నాడు కరుణాకర్. ఆ వాంతి కంపు కన్నా తన మీద తనకే ఎక్కువ రోత పుట్టింది.