ఆపి ఉంచిన తొమ్మిది మెయిళ్ళు

సొంతంగా మెయిల్ సర్వర్ నడపడమంటే కొరివితో తల గోక్కోవడమే. మా ఆఫీసులో అందరూ ఈ మాట అన్నారు, మా ఇంట్లోనూ అన్నారు. నేను వినలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నాకు జీతం వచ్చేదే సర్వర్లు చూసుకున్నందుకు. అది చాలదన్నట్టు మా తెలుగు సహవాసం కోసం కూడా ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, అందరి మెయిలూ దాని మీద నేనే నడిపేదాన్ని.

సహవాసమంటే పెద్దదేమీ కాదు. కార్ల్స్‌రూహె, హైడెల్‌బర్గ్, కైసర్స్‌లౌటర్న్ చుట్టుపక్కల ఉండే డెబ్బై మందిమి. నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఒక జర్మన్ చర్చివాళ్ళ హాల్లో కలుస్తాం. పాడుకుంటాం, ప్రార్థించుకుంటాం, పులిహోరో బిర్యానీయో తిని ట్రాములు పట్టుకుని ఇళ్ళకు పోతాం. మిగతా రోజుల్లో మమ్మల్ని కలిపి ఉంచేది ఒక మెయిల్ అడ్రసు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆ అడ్రసుకు ప్రార్థన మనవి రాస్తారు, అది అందరికీ వెళ్తుంది. వీసా ఆగిందనో, ఉద్యోగం పోయిందనో, కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందనో రాసుకునే మాటలు ఫోన్ గ్రూపుల్లో ఊరేగకూడదని మా పెద్దవాళ్ళ పట్టు. అందుకని సొంత సర్వర్.

దాన్ని నేను నల్లటి తెర మీద కమాండ్లు కొట్టే నడుపుతాను. బటన్లు నొక్కి సర్వర్లు నడిపేవాళ్ళంటే నాకు చిన్నచూపు. ఇది గొప్ప కాదు, నా బుద్ధి అంతే. ఒక్క మాట టైప్ చేస్తే ఇంకా బయటికి వెళ్ళని ఉత్తరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక నంబరు, ఎంత బరువు, ఏ రోజు వచ్చింది, ఎవరు పంపారు, ఇంతే. లోపలేముందో కనిపించదు. తెరిచి చూద్దామన్నా తెలుగు తెలుగులా ఉండదు. దారిలో చెడిపోకుండా దాన్ని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మార్చి కట్టేసి ఉంచుతారు. విప్పి చదవాలంటే ఇంకో కమాండ్ కొట్టాలి. ఆ ఇంకో కమాండ్‌కే నాకు బద్ధకం.

మా అందరికన్నా ముందు ఈ దేశం వచ్చినామె ఒక ఆంటీ. భీమవరం వైపు మనిషి. నర్సుగా వచ్చి, వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళను ఎత్తి దించి నడుము పడిపోయాక రిటైరయింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ట్రాము ఆఖరి స్టాపు దగ్గర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మాలో కొత్తగా వచ్చినవాళ్ళకు ఎక్కడ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఉన్నా వెంట వెళ్ళేది ఆవిడే. అడ్రసు నమోదుకైనా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా, చేతిసంచిలో రెండు కమలాపళ్ళు, ఒక నీళ్ళ సీసా పెట్టుకుని బయల్దేరేది. నా కాన్పు సమయానికి మా అమ్మకు వీసా రాలేదు. పదకొండు గంటలు నా పక్కన నిలబడింది ఆంటీ. మంత్రసానిని జర్మన్‌లో కసిరింది, నన్ను తెలుగులో కసిరింది, పాప ఏడ్చాక మాత్రం గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆమెతో ఉన్న ఇబ్బందల్లా బొమ్మలు. రోజూ పొద్దున్నే సూర్యోదయం మీదో గులాబీల మీదో ఒక వాక్యం రాసి ఉన్న బొమ్మలు నాలుగైదు ఒకే మెయిల్లో పెట్టి, మనవుల అడ్రసుకు పంపేది. డెబ్బై మందికీ పోయేవి. వద్దని చెప్పే నోరు మాలో ఎవరికీ లేదు. ఆమె చేతి సాయం అందుకోని ఇల్లు లేదు మరి. చెప్పలేక, కొందరు తమ తమ మెయిల్లో ఆమె ఉత్తరాలను స్పామ్ అని నొక్కడం మొదలుపెట్టారు. ఒకరు నొక్కితే ఏమీ కాదు. అందరూ రోజూ నొక్కేసరికి, ఒకనాడు పెద్ద మెయిల్ కంపెనీ ఒకటి మా సర్వర్ నుంచి వచ్చేదేదీ తీసుకోవడం మానేసింది. అందరి ఉత్తరాలూ ఆగిపోయాయి. నాలుగు రోజులు ఆ కంపెనీకి దరఖాస్తులు రాసుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

దారి తెరుచుకున్నాక, మళ్ళీ మూసుకోకుండా ఒక పని చేశాను. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను: ఆంటీ అడ్రసు నుంచి ఏది వచ్చినా ఆపి ఉంచు. పక్కన 'తాత్కాలికం' అని రాసుకున్నాను. శనివారం శనివారం నేనే చూసి, బొమ్మలైతే పారేసి, మనవి ఉంటే వదిలేయాలని ఏర్పాటు. అలా ఆపిన ఉత్తరం వెనక్కి తిరిగి రాదు, పంపినవాళ్ళకు కబురూ రాదు. వాళ్ళ వైపు 'పంపబడింది' అనే ఉంటుంది. జాబితాలో దాని నంబరు పక్కన ఒక ఆశ్చర్యార్థకం నిలబడి ఉంటుంది, అది చూసేది నేనొక్కదాన్నే.

ఈ సంగతి ఆంటీకి చెప్పాలి. మొహమాటమేసి చెప్పలేదు. పదకొండు గంటలు నా చెయ్యి పట్టుకున్న మనిషితో మీ ఉత్తరాలు ఆపేశానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆమె మనసు నొప్పించకుండా పని జరిగిపోయిందనుకున్నాను. తెలివిగా చేశానని కూడా అనుకున్నాను.

ఐదారు శనివారాలు సక్రమంగా చూశాను. తరువాత ఆఫీసులో పాత మెషీన్లన్నీ మార్చే పని పడింది, శనివారాలు దానికే పోయాయి. పాపకు కీటాలో, అదే చిన్నపిల్లల బడిలో, అంటుకున్న జలుబు ఒకటి తగ్గితే ఒకటి. సర్వర్ గొడవ చేయడం లేదు కదా అని నేను అటు చూడలేదు. బొమ్మలు రాకపోవడం అందరికీ హాయిగానే ఉంది. ఆంటీ బొమ్మలు ఏమయ్యాయని డెబ్బై మందిలో ఒక్కరూ అడగలేదు.

అక్టోబరులో పొరుగింటి జర్మన్ ఆవిడ అంబులెన్సు పిలిస్తే ఆంటీ ఆసుపత్రిలో చేరింది. పెద్దపేగులో కాన్సరు, అప్పటికే కాలేయానికి పాకింది. మేమంతా వరసలు వేసుకుని వెళ్ళాం. చారన్నం, మెత్తటి ఇడ్లీ, ఎవరికి చేతనైంది వాళ్ళు పట్టుకెళ్ళాం. మా పాప మంచమెక్కి "ఓమా, వాన్ కోమ్స్ట్ దు?" అని, అమ్మమ్మా ఇంటికెప్పుడొస్తావని అడిగితే, నవ్వి దాని జడ విప్పి మళ్ళీ అల్లింది. నాతో మాత్రం ఆమె మునుపటిలా లేదు. కసరలేదు, తిట్టలేదు, చాలా మర్యాదగా మాట్లాడింది. "మీ అందరికీ పన్లుంటాయమ్మా, మాటిమాటికీ రాకండి" అంది. నీరసమనుకున్నాను. ఐదు వారాల్లో పోయింది.

సమాధి దగ్గర అందరూ అదే మాట. "ఒక్కరికి భారం కాలేదు. ఒక్క మాట చెప్పలేదు. చెబితే మనం చూసుకోమా?" నేనూ తలూపాను. అంత జబ్బు లోపల పెట్టుకుని నోరు విప్పనందుకు ఆమె మీద నాకు కోపం కూడా వచ్చింది. నాకు దుఃఖం ఎప్పుడూ కోపంగానే వస్తుంది.

మా సహవాసాన్ని నడిపించే అన్నయ్య కైసర్స్‌లౌటర్న్‌లో ఉంటాడు, ఖమ్మం మనిషి. మరుసటి వారం ఆయన ఫోన్ చేసి, "చెల్లె, ఆంటీ అడ్రస్ బంద్ చెయ్యి, ఎవరన్న వాడుకుంటే కష్టం" అన్నాడు. శనివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆమె అడ్రసు ఏ ఏ ఫైళ్ళలో ఉందో వెతకమని కమాండ్ ఇచ్చాను. మూడు చోట్ల దొరికింది. మూడోది నా లైను, పక్కన తాత్కాలికం.

ఆగి ఉన్న ఉత్తరాల జాబితా అడిగాను. నూట ముప్పై ఉన్నాయి, అన్నిటి పక్కనా ఆశ్చర్యార్థకమే. నూట ఇరవై ఒకటి లావుపాటివి, బొమ్మలు. తొమ్మిది సన్నవి. సన్నవాటిలో బొమ్మలుండవు, మాటలే ఉంటాయని నాకు బరువు చూడగానే తెలుసు. మొదటి సన్న ఉత్తరం తేదీ జూన్. ఆ ఇంకో కమాండ్ రెండుసార్లు తప్పు కొట్టాను.

విప్పితే ఆంటీ గొంతే వినిపించింది. మా మనవులకు ఒక పద్ధతి ఉంది: ముందు దేవుడు చేసిన మేళ్ళన్నీ చెప్పుకుని కృతజ్ఞత తెలపాలి, అసలు సంగతి చివర రాయాలి. ఆంటీ కూడా ఎండలు బాగున్నందుకు, హైడెల్‌బర్గ్‌లో ఒక అమ్మాయికి కొడుకు పుట్టినందుకు, నా ఉద్యోగం స్థిరపడినందుకు స్తోత్రాలు చెప్పి, చివరికొచ్చింది.

"కొన్ని నెలలుగా నాకు రక్తం పడుతోంది. నర్సుగా చేసినదాన్ని, ఇది మామూలుది కాదేమోనని భయంగా ఉంది. పై మంగళవారం పేగు పరీక్షకి టెర్మిన్ దొరికింది. మత్తిస్తారు కనుక ఇంటికి తీసుకెళ్ళడానికి వెంట ఒక మనిషి లేనిదే పరీక్ష చెయ్యం అంటున్నారు. ఎవరికైనా వీలవుతుందా? ఒకరికి ఫోన్ చేసి అడిగితే పాపం కాదనలేక సెలవు పెడతారు. అందుకే అందరికీ రాస్తున్నాను, వీలున్నవాళ్ళు వస్తారని."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడిగింది. రెండో ఉత్తరంలో, మంగళవారం ఎవరికీ కుదిరినట్టు లేదు, టెర్మిన్ మార్పించుకున్నాను అని ఉంది. మూడోదాంట్లో కొత్త తేదీ. నాలుగోదాంట్లో అదీ రద్దు. ఆ తరువాతవాటిలో టెర్మిన్ ఊసు లేదు, ప్రార్థించమని మాత్రమే. సెప్టెంబరులో రాసిన తొమ్మిదోది నాలుగు వాక్యాలే. అందులో స్తోత్రాలు లేవు. "మీరు చదువుతున్నారని నాకు తెలుసు. అందరివీ చిన్న పిల్లలున్న ఇళ్ళు. రాలేకపోయినందుకు ఎవరూ బాధపడకండి. నాకు ఎవరి మీదా కోపం లేదు."

జూన్‌లో ఆ పరీక్ష జరిగి ఉంటే బతికేదా? నాకు తెలియదు. చెప్పగలిగిన డాక్టర్ని నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. కాఫీ చల్లారిపోయింది. ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాను. పాప వచ్చి "అమ్మా?" అని నా మోచెయ్యి పట్టుకుంటే, దాన్ని కూడా కసిరాను.

ఏడుస్తుండగానే ఒక సంగతి గుర్తొచ్చింది. జూలైలో ఒక ఆదివారం, హాల్లో కుర్చీలు సర్దుతుంటే ఆంటీ నా పక్కకు వచ్చి, "ఏమ్మా, నా మెయిలు చూసేవా?" అని అడిగింది. ఏ మెయిలో నాకు తెలియదు. బొమ్మలేమో అనుకున్నాను. "చూశానాంటీ, ప్రార్థిస్తున్నాం" అన్నాను. మాలో ఎవరు మనవి గురించి అడిగినా నోటికొచ్చే మాట అదే. ఆమె "అలాగే తల్లీ" అని, నా చేతిలో కుర్చీ తీసుకుని గోడ దగ్గర పెట్టింది.

ఆ ఉత్తరాలను చెరిపేయడానికి ఒక్క కమాండ్ చాలు. చెరిపేస్తే ఒక్క మాట చెప్పలేదన్న పేరుతో ఆమె, మంచిదాన్నన్న పేరుతో నేను మిగిలిపోతాం. ఆ కమాండ్ సగం టైప్ చేశాను కూడా. ఆ సగాన్ని తుడిచేసి, ఉత్తరాలను వదిలేసే కమాండ్ కొట్టాను. తొమ్మిదింటికీ ఒక్కొక్కటిగా కొట్టాను. ఒక్కో ఉత్తరం కింద డెబ్బై లైన్లు, అందింది, అందింది, అందింది అని తెర మీద పైకి పాకుతూ పోయాయి.

పావుగంటలో ఫోన్ మోగింది. కైసర్స్‌లౌటర్న్ అన్నయ్య.

"చెల్లె, సర్వర్ ఖరాబైందా ఏంది? ఆంటీ పాత మెయిల్స్ మళ్ళొస్తున్నయ్. చూస్తే బాధయితదని చదవకుండనే డిలీట్ కొట్టిన."

"అవి మళ్ళీ రాలేదన్నయ్యా. ఇప్పుడే మొదటిసారి వచ్చాయి. ఆవిడ జూన్‌లో రాసింది, నేను ఆపి ఉంచాను. మీరెవరూ చూడలేదు." ఎందుకు ఆపానో, వాటిలో ఏముందో అంతా చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"ఎండాకాలంల స్టేషన్ కాడ ఆంటీ కలిసింది చెల్లె," అన్నాడు. "బాబూ, నా మెయిల్ చూసినవా అని అడిగింది. నాకేం రాలే. రాలేదంటే ఏం బాగుంటదని, చూసిన ఆంటీ, ప్రేయర్ల పెట్టినం అన్న."

ఆ వారంలో ఇంకో నలుగురు ఫోన్ చేశారు. ఒకామెను కూరగాయల కొట్లో, ఒకతన్ని ట్రాములో, ఇద్దరిని హాలు మెట్ల దగ్గర అడిగిందట. ఆమె అడిగిన ప్రతి ఒక్కరం చూశామనే చెప్పాం. అందరూ చదివారని మా నోటితోనే విన్నాక, ఇక ఆమె ఎవరికని ఫోన్ చేస్తుంది?